మద్రాసు నుంచి మస్దార్ దాకా: మన రక్తం లెక్కలు ఎవరు చూశారు?

నేనుండే అల్ నహ్దా పేరుకు అరబ్బీలో మేలుకొలుపు అని అర్థం. సగం దుబాయ్‌లో, సగం షార్జాలో ఉంటుంది. ఇక్కడి నుంచి కారులో సుమారు గంటన్నర వెళ్తే అబుధాబి మస్దార్ సిటీలో మొహమ్మద్ బిన్ జాయెద్ యూనివర్సిటీ ఆఫ్ ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ వస్తుంది. 2019లో ప్రకటించారు, 2021లో క్లాసులు మొదలయ్యాయి. ఇప్పుడు అందులో కంప్యూటేషనల్ బయాలజీకి ఒక విభాగమే ఉంది. అంటే ఒంటి గురించిన సంగతులు కంప్యూటర్ లెక్కలతో తేల్చే చదువు. ఇలాంటి విభాగాలు ప్రసంగాలు, హ్యాకథాన్‌లు, ఓపెన్ డేలు పెడుతుంటాయి. వాటికీ, పన్నెండు గంటల డ్యూటీ చేసి బెడ్ స్పేస్‌కి వచ్చి పడుకునే మనకీ ఏంటి సంబంధం? ఎపిసోడ్‌లో టైమ్ చాలక వదిలేసిన చరిత్ర ఇక్కడ రాస్తున్నాను.

ఈ కథ మన పక్క ఊళ్లోనే మొదలుపెట్టొచ్చు. 1952లో జి.ఎన్. రామచంద్రన్ 30 ఏళ్లు నిండీ నిండకుండానే మద్రాసు యూనివర్సిటీకి ఫిజిక్స్ ప్రొఫెసర్‌గా వచ్చారు. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడలేదు, మద్రాసే మన రాజధాని కూడా. ఆ రోజుల్లో జె.డి. బెర్నాల్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త అక్కడికి వచ్చి, కొల్లాజెన్ నిర్మాణం ఇంకా ఎవరికీ సరిగ్గా అంతుపట్టలేదని మాటల్లో చెప్పాడు. కొల్లాజెన్ అంటే మన చర్మాన్నీ, నరాలనూ, ఎముకలనూ పట్టి ఉంచే ప్రోటీన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా దాని వెంటపడ్డారు. ఊళ్లోనే ఉన్న తోళ్ల పరిశోధన సంస్థ సాయం దొరికింది. 1954లో మూడు పేటల తాడు లాంటి నిర్మాణాన్ని ప్రతిపాదించారు. ఒక అతిథి మాట, పక్క సంస్థ ఇచ్చిన ముక్క. నాకు ఈ కథలో నచ్చేది అదే.

1963లో ఆయనా, శశిశేఖరన్, రామకృష్ణన్ కలిసి ఒక పటం ప్రచురించారు. ప్రోటీన్ గొలుసు ఏ కోణాల్లో వంగగలదు, ఏ కోణాల్లో వంగితే అణువులు ఒకదానికొకటి కొట్టుకుంటాయి అని లెక్కగట్టి గీసిన పటం. ఇవాళ్టికీ ప్రోటీన్ నిర్మాణం సరిగ్గా ఉందా లేదా అని చూడాలంటే 'రామచంద్రన్ ప్లాట్' మీద పెట్టి చూస్తారు. అదే ఏడాది జనవరిలో, సరిగ్గా సంక్రాంతి రోజుల్లో, మద్రాసు యూనివర్సిటీ ప్రోటీన్ల మీద ఒక సభ పెట్టింది. 1967లో ఇంకో అంతర్జాతీయ సభ. విభాగంలో జరిగే సభ అంటే దండలూ శాలువాలూ అనుకుంటాం గానీ, ఈ శాస్త్రం పెరిగింది ఇలాంటి చోట్లే.

తర్వాత కూడా అంతే. 1994లో కాస్ప్ అనే పోటీ మొదలైంది. ఒక ప్రోటీన్ ఆకారం ల్యాబ్‌లో తేలినా బయటపెట్టకుండా ఉంచి, అదెలా ఉంటుందో లెక్కగట్టమని అందరికీ ఇస్తారు. రెండేళ్లకోసారి జరుగుతుంది. 2020 పోటీలో ఆల్ఫాఫోల్డ్ అందరినీ దాటేసింది. దాన్ని తయారుచేసిన హస్సాబిస్, జంపర్‌లకు 2024 నోబెల్‌లో వాటా దక్కింది. 1996లో బెర్ముడా దీవుల్లో జరిగిన సమావేశంలో, మనిషి జీనోమ్ చదివే ల్యాబులు తాము చదివింది 24 గంటల్లోగా లోకానికి ఇచ్చేయాలని ఒప్పుకున్నాయి.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ రక్తం ఇచ్చినవాళ్లు ఈ సభల్లో ఎక్కడున్నారు?

హైదరాబాద్ సంగతి చూడండి. సీసీఎంబీ 1977లో మొదలైంది. 2009లో అక్కడి తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికాలోని డేవిడ్ రైక్ బృందంతో కలిసి 25 సమూహాలకు చెందిన 132 మంది డీఎన్ఏ లెక్కలు నేచర్ పత్రికలో వేశారు. మాల, మాదిగ, వెలమ, వైశ్య, నాయుడు, కంసాలి, చెంచు, వీళ్లంతా అందులో ఉన్నారు. అందరిలోనూ రెండు ప్రాచీన వంశాలు కలిసే ఉన్నాయని తేలింది, పాళ్లే తేడా. ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి మధ్య జరిగిందని 2013 పరిశోధన చెప్పింది. తర్వాత సమూహాల మధ్య పెళ్లిళ్లు దాదాపు ఆగిపోయాయి. రూమ్‌లో కులం మాట వచ్చినప్పుడల్లా నాకు ఈ లెక్క గుర్తొస్తుంది.

పెళ్లిళ్లు ఆగిపోతే వచ్చే చిక్కు మందుల దగ్గర బయటపడుతుంది. వైశ్యుల్లో కొందరికి బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం ఉంటుంది. వాళ్లకు ఆపరేషన్‌లో సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తే కండరాలు చాలాసేపు తిరిగి పనిచేయవు, ఊపిరి తీసుకోవడమూ కష్టమే. ఇంట్లో ఎవరికైనా మత్తుమందుతో ఇలా అయి ఉంటే, డాక్టర్‌కి ముందే చెప్పాలి.

అదే 2009లో ఇంకో పేపరు వచ్చింది. గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోయిన మార్పు దక్షిణాసియా వాళ్లలో దాదాపు 4 శాతం మందికి ఉందని, అది గుండె జబ్బు ముప్పు పెంచుతుందని. ఆ మార్పు ఉన్న అందరికీ ముప్పు ఒకేలా ఉండదని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. ఇది చెప్పేటప్పుడు నాకు కొంచెం భయం. గల్ఫ్‌లో మనవాడు పోతే కాగితం మీద 'కార్డియాక్ అరెస్ట్' అని రాయడం మనకు తెలుసు. రేపు ఎవరైనా 'మీ జన్యువులే అంతలే' అనేస్తే? ఎండా, పని గంటలూ, నిద్రలేమీ, ఉప్పూ నూనే లెక్కలోంచి జారిపోతాయి. జన్యువు ఆ లెక్కలో ఒక వరస మాత్రమే.

ఇక మన ప్రస్తుత స్థితి. ఎమిరాతీ జీనోమ్ ప్రోగ్రామ్ ఇక్కడి పౌరుల కోసం, వాళ్లలో 10 లక్షల మందిని చదవాలని లక్ష్యం. వాళ్ల దేశం, వాళ్ల డబ్బు, తప్పు పట్టలేం. జీనోమ్ ఇండియా 83 సమూహాల నుంచి సుమారు 10 వేల మందిని చదివింది, 2025 జనవరిలో ఆ డేటాను పరిశోధకులకు తెరిచారు. ఆ నమూనాలు ఇండియాలో తీసినవి. ఇరవై ఏళ్లుగా ఈ ఎండలో పనిచేస్తున్న కరీంనగర్ మనిషి ఒంట్లో ఏం జరుగుతుందో తెలియాలంటే, అతని డీఎన్ఏతో పాటు అతని పని, తిండి, నిద్ర వివరాలూ ఒకే చోట ఉండాలి. ఈ రెండు పెద్ద ప్రాజెక్టులూ ఆ పని కోసం పెట్టినవి కావు.

అందుకే యూనివర్సిటీ విభాగం 'కమ్యూనిటీ' అని కార్యక్రమం పెట్టినప్పుడు ఆ మాటలో ఎవరెవరు ఉన్నారో అడగడం మన హక్కు అనుకుంటాను. అక్కడ చదువుకునే మన పిల్లలు ఎవరైనా ఇది వింటుంటే, హ్యాకథాన్‌కి ఈ ప్రశ్న పట్టుకెళ్లండి. సమాచారం ఇచ్చే మనిషి అనుమతి, అతని పేరు కంపెనీకి తెలియకుండా కాపాడటం, ఫలితం అతని భాషలో తిరిగి చెప్పడం, ఈ మూడూ ముందే తేల్చుకోండి.

హైదరాబాద్ వైపు వాళ్లకు ఇంకో మాట. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో బయోఇన్ఫర్మాటిక్స్ కేంద్రం ఉంది, ఆ సంస్థ తన పరిశోధనలను ఏటా ఆర్ అండ్ డీ షోకేస్‌లో చూపిస్తుంది. హబ్సిగూడలో ఉప్పల్ రోడ్డు మీదున్న సీసీఎంబీ సాధారణంగా సెప్టెంబరు చివర్లో ఓపెన్ డే పెడుతుంది, స్కూలు పిల్లలు బస్సుల్లో వస్తారు. వెకేషన్ ఆ రోజుల్లో పడితే ముందు తేదీ కనుక్కుని ఇంట్లో పిల్లల్ని తీసుకెళ్లండి.