నాడికి అందని కర్ణిక

గుండెలోని పైగదులకు ‘కర్ణికలు’ అనీ, క్రిందిగదులకు ‘జఠరికలు’ అనీ మన పాఠ్యపుస్తకాలు పేర్లు పెట్టాయి. లాటిను మూలంలో ‘ఆరికిల్’ అంటే చిన్న చెవి, ‘వెంట్రికిల్’ అంటే చిన్న పొట్ట. చెవి కర్ణమైంది, పొట్ట జఠరమైంది. అనువాదం ముచ్చటగానే కుదిరింది గాని, ఆ కర్ణికల కదలిక మాత్రం శతాబ్దాలపాటు వైద్యుని చేతికి చిక్కలేదు.

మన గుంటూరు, ఒంగోలు పల్లెల్లో వైద్యుడంటే చేయి చూసేవాడు. బసవరాజీయంలోనూ నాడీపరీక్షకు ముఖ్యస్థానముంది. వాతనాడి పాములా, పిత్తనాడి కప్పలా, కఫనాడి హంసలా నడుస్తుందని నాడీశాస్త్రజ్ఞులు గుర్తించారు. ఎంత సూక్ష్మమైన పరిశీలన! అయితే మణికట్టు వద్ద తగిలేది ఎడమ జఠరిక నెట్టిన రక్తపు కెరటం. అంతకు లిప్తపాటు ముందే కర్ణికలు ముడుచుకొని జఠరికలను నింపుతాయి. ఆ పని మణికట్టు దాకా రాదు.

1887లో లండనులో అగస్టస్ వాలర్ మనిషి గుండె విద్యుత్తును మొదటిసారి రేఖగా పట్టాడు. ఆ రేఖలోనూ కనిపించింది జఠరికల చేష్ట మాత్రమే. కర్ణికల అలను స్పష్టంగా చూడాలంటే ఇంకా సున్నితమైన సాధనం కావాలి. 1901లో హాలండు దేశపు లైడెన్‌లో విల్లెం ఐంథోవెన్ దానిని లోకానికి తెలిపాడు. వెండిపూత పూసిన స్ఫటికపు పోగును అయస్కాంతం నడుమ వ్రేలాడదీశాడు. పత్తి పండించే మనకు పోగు సన్నదనం తెలుసు. ఆ స్ఫటికపు పోగు మన పత్తి పోగుకంటె ఎన్నో రెట్లు సన్ననిది! యంత్రం బరువు మాత్రం సుమారు 270 కిలోలు. నడపడానికి అయిదుగురు మనుషులు. రోగి చేతులనూ కాలునూ ఉప్పునీటి తొట్లలో ఉంచి కూర్చునేవాడు. ఈ కృషికే 1924లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

తరంగాలకు పీ, క్యూ, ఆర్, ఎస్, టీ అని పేర్లు పెట్టింది కూడా ఐంథోవెనే. అక్షరమాల మధ్యనుండి మొదలుపెట్టడంతో ఇరుప్రక్కలా కొత్త పేర్లకు చోటు మిగిలింది. టీ తరువాత యూ వచ్చి చేరింది కూడా. వీటిలో మొదటిదైన ‘పీ’ కర్ణికలది. కుడికర్ణికలోని సిరాకర్ణికా కణుపు వద్ద పుట్టిన విద్యుత్తు రెండు కర్ణికలకూ వ్యాపించడమే ఆ చిన్న గుబ్బ. దాని మొదటి సగంలో కుడికర్ణికదీ, రెండవ సగంలో ఎడమకర్ణికదీ పైచేయి. సెకనుకు 25 మిల్లీమీటర్లు జరిగే కాగితంపై అది మూడు చిన్నగడుల వెడల్పు దాటితే ఎడమకర్ణిక శ్రమపడుతున్నదని అనుమానించాలి.

వ్యాకరణంలో వలెనే ఇక్కడ లోపానికీ అర్థముంది. నాడి ఏ లయకూ లొంగని కొందరి రేఖలో పీ బొత్తిగా లేదనీ, దాని చోట సన్నని వణుకు మాత్రమే ఉందనీ 1909లో థామస్ లూయిస్ చూపించాడు. కర్ణికలు ముడుచుకోవడం మాని వణుకుతున్నాయన్నమాట! అలా వణికే కర్ణికలో రక్తం నిలిచి గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం.

ఇదంతా మనకెందుకంటారా? చిన్ననాడు స్ట్రెప్టోకాకస్ వల్ల వచ్చిన గొంతునొప్పికి వైద్యం జరగకపోతే కొందరు పిల్లలకు కీళ్లవాతజ్వరం వస్తుంది. కీళ్ల వాపు తగ్గిపోతుంది గాని గుండె కవాటానికి తగిలిన దెబ్బ మిగులుతుంది. ఏళ్లు గడిచేసరికి ఎడమవైపు ద్విపత్రకవాటం ఇరుకై, ఎడమకర్ణిక ఉబ్బి, పీ తరంగం వెడల్పై రెండు మూపురాలుగా చీలుతుంది. చివరకు మాయమూ కావచ్చు. అంటే పాతికేళ్ల యువతి రేఖలోని ఆ చీలిక, ఆమె అయిదవ తరగతినాటి గొంతునొప్పి కావచ్చు!

2016లో గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో గుండెమార్పిడే జరిగింది. గర్వించవలసిన విషయమే. కాని గుండె చెడకముందే కాపాడగలది పెన్సిలిన్. మిరపకోతల తొందరలో ఉన్న తల్లి బిడ్డ గొంతునొప్పిని ఉప్పునీటి పుక్కిలింతతో సరిపెడితే తప్పు ఆమెది కాదు, ఆమెకు చెప్పనివారిది. గొంతునొప్పి తగ్గాక కొద్దివారాలకు కీళ్లు వాచి, జ్వరంతో కుంటే పిల్లవాడు తరగతిలో కనబడితే, వానిని ఇంటికి పంపి ఊరుకోక ఆసుపత్రికి చేర్పించండని ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి.

స్వస్తి.