సేద్యపు కుంటలో కొర్రమీను పెంపకం

చిన్న చేపలను తినే వేటచేపల్లో ట్రౌట్‌కు ఏడాది పొడుగునా చల్లటి నీరు కావాలి; దక్షిణాదిన అది నీలగిరులు, మున్నారు కొండల్లోనే నిలదొక్కుకుంది. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటే తిరుపతి, చిత్తూరు మెట్టల్లో సొంత కుంటకు తగిన వేటచేప కొర్రమీనే. నీరు అడుగంటి ప్రాణవాయువు తగ్గినా పైకి తేలి, నోటితో గాలి గుక్క పట్టి బతుకుతుంది. దీనికి మేతగా ముందు పరిగెల్లాంటి చిల్లర చేపలు వదిలి, అవి గుడ్లు పెట్టి గుంపు కట్టాకే దీని పిల్లలను వేయాలి. మేతకు తిలాపియా ఇంకా తొందరగా పెరుగుతుంది కదా అంటారు. నిజమే, కానీ కుంట పొర్లి చెరువులో పడితే దాన్ని ఏరివేయడం ఎవరి తరమూ కాదు. బొచ్చె, రాగండి లాభమన్న మాటా కాదనలేం. అయితే వాటికి నెలల తరబడి నిండు నీరుండాలి. ఇక్కడి కుంటలు చాలావరకు ఈశాన్య రుతుపవనాలకు నిండి, ఎండలకు ఇంకిపోతాయి. అసలు చిక్కు వేరే: మేత చాలకపోతే పెద్ద కొర్రమీను చిన్నదాన్ని మింగుతుంది; సైజుల వారీగా విడదీయక తప్పదు.