గండిపేట నీళ్ల వెనుక కథ

గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాదు వదలడని ఒక నానుడి. ఉద్యోగరీత్యా జిల్లాల నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మన సభ్యుల్లో చాలామంది విషయంలో అది నిజమే అయింది. అయితే ఆ చెరువు పుట్టింది దాహం తీర్చడానికి మాత్రమే కాదు. ఈ సంగతి మన మనవలకు తెలియదు, తెలియజెప్పవలసినవాళ్లం మనమే.

1908 సెప్టెంబరు 28న మూసీ నగరం మీద పడింది. సుమారు 15 వేలమంది చనిపోయారని అంచనా. తర్వాత ఉస్మానియా ఆసుపత్రి వెలసిన చోట, తోటలోని ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన కేవలం వానను నిందించి ఊరుకోలేదు. నగరానికి ఎగువన మూసీ పరీవాహకంలో 788 చెరువులుంటే, వాటిలో 221 తెగాయని లెక్క తేల్చారు. గొలుసుకట్టు చెరువుల్లో పై కట్ట తెగితే ఆ నీరంతా కింది కట్ట మీదే కదా పడేది! అందుకే ఎగువన పెద్ద జలాశయాలు కట్టి, వరద వచ్చినప్పుడు పట్టుకోవడానికి వాటిలో ఖాళీ చోటు ఉంచాలన్నారు. మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఉస్మాన్‌సాగర్ నీరు మోటార్ల అవసరం లేకుండా పల్లానికి పారుతూ ఆసిఫ్‌నగర్ ఫిల్టర్‌బెడ్లకు చేరేది. ఆ పొదుపును మన అకౌంట్సు మిత్రులు ప్రత్యేకంగా మెచ్చుకుంటారు.

చెరువంటే కట్ట మాత్రమే కాదు, నీరు నడిచివచ్చే వాగులు, చేలు కూడా. 1996 మార్చిలో వచ్చిన 111 జీవో ఈ మాటనే ఒప్పుకున్నది. రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించింది. ఒక నూనె పరిశ్రమకు ఇచ్చిన మినహాయింపు చెల్లదని 2000లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పక్క ఊళ్లో ఎకరం ధర ఆకాశానికంటుతుంటే చూస్తూ కూర్చున్న ఆ గ్రామాల రైతుల బాధ అబద్ధం కాదు. నగరం కోసం వారు చేసిన త్యాగానికి పరిహారం మాట ఎవరూ ఎత్తలేదు.

2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం 69 జీవోతో ఆ ఆంక్షలను ఎత్తివేసింది. కృష్ణ, గోదావరి, మంజీర నీళ్లు వస్తున్నాయి గనుక జంటజలాశయాల మీద నగరం ఆధారపడటం తగ్గిపోయిందన్నది కారణం. తాగునీటి లెక్క వరకు అది సరే. వరద లెక్క మాటేమిటి? 2025 సెప్టెంబరులో రెండు జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మూసీ నీరు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి వచ్చింది. ఆ బస్‌స్టేషన్ కట్టింది నది మధ్యనే.