ఉప్పు మడుల నుంచి మన చెరువు శిఖం దాకా

అమెరికా చరిత్ర అనగానే మన దిక్కు వాళ్లకు బంగారం వేట, అంతర్యుద్ధం, సిలికాన్ వ్యాలీ గుర్తొస్తాయి. అదే వ్యాలీ అంచున, తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రీమాంట్ పక్కనే బురదలో రాసుకున్న చరిత్ర ఇంకొకటి ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టూ ఆటుపోట్లకు మునిగి తేలే చిత్తడి నేల ఒకప్పుడు సుమారు 1,90,000 ఎకరాలు. 1990ల నాటికి మిగిలింది 40,000 ఎకరాలే. మిగతాది పొలాలైంది, ఊళ్లైంది, ఉప్పు మడులైంది. సముద్రమే లేని నల్లగొండ, పాలమూరు వాళ్లకు ఈ కథ ఎందుకంటే, తడినేలను ఖాళీ జాగాగా లెక్కగట్టే అలవాటు అక్కడా ఇక్కడా ఒక్కటే. అమెరికాలో ఆ అలవాటుకు అడ్డుకట్ట వేసింది జనం పట్టుదల, దాని వెంట వచ్చిన చట్టం.

బర్క్‌లీ నగరం అఖాతాన్ని పూడ్చి తన విస్తీర్ణాన్ని దాదాపు రెట్టింపు చేసుకోవాలనుకున్నప్పుడు, 1961లో కే కెర్, సిల్వియా మెక్‌లాలిన్, ఎస్తర్ గులిక్ అనే ముగ్గురు మహిళలు దాన్ని ఆపడానికి సంఘం పెట్టారు. 1965లో పూడికలను అదుపు చేసే కమిషన్ ఏర్పడింది. 1972లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఈ అఖాతం దగ్గర వన్యప్రాణి ఆశ్రయానికి చట్టం చేసింది. దానికోసం పాటుపడ్డ సభ్యుడు డాన్ ఎడ్వర్డ్స్ పేరే తర్వాత దానికి పెట్టారు. 2003లో కార్గిల్ కంపెనీ నుంచి 16,500 ఎకరాల ఉప్పు మడులు కొన్నారు. 2006 నుంచి కొన్ని మడుల కట్టలకు గండ్లు కొట్టి సముద్రపు నీటిని లోపలికి వదులుతున్నారు. మన చెరువుల్లోని నీటికోడికి చుట్టమైన రిడ్జ్‌వేస్ రెయిల్ అనే పక్షి ఈ చిత్తడి గడ్డిలో నక్కి, అందులోనే గుడ్లు పెట్టి బతుకుతుంది. ఉప్పునీళ్లు తాగి బతకగల ఒక చిట్టెలుక ఈ అఖాతం చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు.

ఉప్పు మడుల్లోనూ పక్షులు వాలుతున్నాయి కదా, వాటినెందుకు చెరపడం అని అడగొచ్చు. నిజమే, మడుల్లోని చిన్న రొయ్యల కోసం వలస పక్షులు వస్తాయి. అందుకే అన్నింటినీ తెంపకుండా కొన్నింటిని మడులుగానే ఉంచుతున్నారు. డబ్బున్న దేశం కాబట్టి చెల్లిందనేది ఇంకో మాట. కానీ 2016లో తొమ్మిది కౌంటీల ఓటర్లు ఒక్కో స్థలం మీద ఏడాదికి 12 డాలర్ల పన్ను, 20 ఏళ్లపాటు, తమంతట తామే ఒప్పుకున్నారు. మనుషులకే చోటు లేకపోతే పక్షులకెక్కడిదనే వాళ్లకూ జవాబుంది. చిత్తడి గడ్డి అలల జోరును తగ్గించి, వెనకున్న ఇళ్లను వరద నుంచి కాస్తుంది.

పానగల్లు ఉదయసముద్రమైనా, మీ ఊరి చిన్న కుంటైనా, ఎండాకాలంలో బీటలువారినంత మాత్రాన శిఖం ప్లాట్ల జాగా కాదు. పూడ్చిన నేలను మళ్లీ నీటికి ఇవ్వడానికి అమెరికాలో దశాబ్దాలు, కోట్ల డాలర్లు పడుతున్నాయి. మీ చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం) హద్దులు ఎక్కడున్నాయో ఇప్పుడే అధికారులను అడగండి. హద్దురాళ్లు లేకపోతే పాతించండి.