శరీర ఉష్ణోగ్రత నియంత్రణ: పరిశోధన చరిత్ర

మాఘమాసపు చలిలోనైనా రోహిణీ కార్తె ఎండలోనైనా ఆరోగ్యవంతుడి ఒంట్లో వేడి 37 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగానే ఉంటుంది. ఈ నిలకడ గుట్టు ఒక్కరోజులో తేలలేదు.

17వ శతాబ్దం తొలినాళ్లలో ఇటలీ వైద్యుడు సాంటోరియో, రోగి నోట్లో గాజుగొట్టం పెట్టి ఒంటి వేడిని కొలవబోయాడు. త్రాసుకు వేలాడదీసిన కుర్చీలో కూర్చొని, తిన్నదీ విసర్జించినదీ తూచుకుని, కంటికి కనబడకుండా చర్మం నుంచీ ఊపిరి నుంచీ పోయే తేమను లెక్కగట్టాడు.

అసలు మలుపు లండన్‌లో వచ్చింది. 1774లో వైద్యుడు జార్జ్ ఫోర్డైస్ పొయ్యి పెట్టి కాచిన గదిలోకి మరో వైద్యుడు చార్లెస్ బ్లాగ్డెన్ మిత్రులతో కలిసి వెళ్లాడు. తర్వాతి ప్రయోగాల్లో గది వేడి 127 డిగ్రీలకు చేరింది. గడియారపు గొలుసు ముట్టుకుంటే చెయ్యి కాలేది. థర్మామీటర్ మీద ఊదితే పాదరసం దిగిపోయేది, అంటే మనిషి ఊపిరి గదిగాలి కంటే చల్లన! అక్కడ పెట్టిన గుడ్లు గట్టిగా ఉడికాయి, మాంసం బాగా ఉడికి ఎండిపోయింది. మనుషులు మాత్రం క్షేమంగా బయటికొచ్చారు. అదే గదిలో రెండు గిన్నెల్లో నీళ్లు పెట్టారు. పైన నూనె తెట్టు కట్టిన నీళ్లు మరిగాయి, ఊరికే ఉన్న నీళ్లు మరగలేదు. ఆవిరయ్యే నీరు వేడిని తీసుకుపోతుందనడానికి ఇంతకంటే తేటైన రుజువు అక్కర్లేదు. చెమట చేసే పనీ ఇదే.

19వ శతాబ్దంలో చూపు నరాల మీదికి మళ్లింది. ఫ్రాన్స్ శరీరశాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్ కుందేలు మెడలో ఒక నరం కోస్తే రక్తనాళాలు విప్పారి ఆ వైపు చెవి వేడెక్కింది. ఇంతలో 1868లో జర్మన్ వైద్యుడు వుండర్‌లిష్ వేలాది రోగుల కొలతలతో 37 డిగ్రీలను ప్రమాణంగా నిలిపాడు. 1938లో అమెరికా శాస్త్రవేత్త మెగూన్ బృందం పిల్లి మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ ముందుభాగాన్ని వేడిచేస్తే, ఒళ్లు వేడెక్కకుండానే, వేడిని వదిలించుకోవాలన్నట్టు పిల్లి రొప్పింది. ఒంటి వేడి అదుపు మెదడు చేతిలో ఉందని అలా తేలింది. చర్మంలో వేడిని పసిగట్టే ప్రోటీన్‌ను 1997లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ గుర్తించాడు, 2021లో నోబెల్ పంచుకున్నాడు.

అయితే చెమట కారితే చాలదు, ఆరాలి. గాలిలో తేమ నిండిన కోస్తా ఉక్కపోతలో అది ఆరదు, ఒళ్లు చల్లబడదు. 2015 మే వడగాడ్పుల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. వడదెబ్బ తగిలినవారిని వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, ఆపకుండా విసురుతూ ఆసుపత్రికి తీసుకెళ్లండి.