వేలు, ఆముదం, విమానం

ఆముదం అంటే మీకేం గుర్తొస్తుంది? చిన్నప్పుడు ముక్కు మూసి గొంతులో పోసిన విరేచనాల మందు, చంటిపిల్లల మాడుకు అంటే చమురు. అంతే కదా! నాకు మాత్రం విమానం గుర్తొస్తుంది. నవ్వకండి. కాలేజీ రోజుల్లో మా తమ్ముడు ఎన్.సి.సి. ఎయిర్ వింగ్‌లో చేరి నమూనా విమానాలు ఎగరేసేవాడు. వాడి చొక్కాలు ఉతకబోతే మాడిన ఆముదం వాసన గుప్పుమనేది.

ఒకనాటి సాయంత్రం కుడిచేతికి రుమాలు చుట్టుకుని వచ్చాడు. "తలుపు సందులో పడింది అక్కయ్యా, అమ్మతో చెప్పకు" అన్నాడు. రుమాలు విప్పి చూద్దును కదా, చూపుడువేలు ఎముక కనిపించేంతగా తెగి ఉంది. ఏ తలుపూ అలా కొయ్యదు. అడిగితే నోరు మెదపలేదు. ఆ వేలి పుణ్యమా అని ఈ బొమ్మ విమానాల చరిత్ర నేను చదవవలసి వచ్చింది.

మొదట్లో వీటికి ఇంజనూ లేదు, నిప్పూ లేదు. 1871లో పారిస్‌లో ఆల్ఫోన్స్ పెనో అనే యువకుడు మెలిపెట్టిన రబ్బరుతో ప్రొపెల్లర్ తిప్పి బొమ్మను గాలిలో నిలిపాడు. మెలి విప్పుకుంటూ రబ్బరు తిరుగుతుంది, దానితో ప్రొపెల్లర్ తిరుగుతుంది. 1878లో అమెరికాలో మిల్టన్ రైట్ అనే తండ్రి ఆ పద్ధతిలో చేసిన ఎగిరే బొమ్మనొకదాన్ని పిల్లలకి తెచ్చిచ్చాడు. విల్బర్‌కి పదకొండేళ్లు, ఆర్విల్‌కి ఏడేళ్లు. మనిషినెక్కించుకుని ఎగిరే విమానం చేసిన రైట్ సోదరులు వీళ్లే. పిల్లలకి కొనిచ్చే బొమ్మ ఎంత దూరం పోతుందో చూశారా!

1896 మే 6న శామ్యూల్ లాంగ్లీ అనే శాస్త్రజ్ఞుడు ఆవిరి ఇంజను బిగించిన నమూనాను పొటోమాక్ నది మీదుగా ఎగరేశాడు. టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్ దానికి ఫోటో తీశాడు. అయినా కుర్రవాళ్ల చేతుల్లో చాలాకాలం రబ్బరుదే రాజ్యం. 1933లో మాక్స్‌వెల్ బాసెట్ అనే కుర్రవాడు, బిల్ బ్రౌన్ చేసిన చిన్న పెట్రోలు ఇంజనుతో అమెరికా జాతీయ పోటీల్లో రబ్బరు విమానాలన్నిటినీ వెనక్కి నెట్టేశాడు.

కానీ ఆ ఇంజనుకి నిప్పురవ్వ కావాలి. రవ్వకి బ్యాటరీ, తీగచుట్టా కావాలి. ఈ బరువంతా విమానమే మోయాలి. 1947లో రే ఆర్డెన్ తెచ్చిన గ్లో ప్లగ్ ఆ బరువు దించేసింది. అందులో చిన్న ప్లాటినం తీగచుట్ట ఉంటుంది. ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ తగిలిస్తే అది ఎర్రబడి ఇంధనాన్ని అంటిస్తుంది. ఇంజను అందుకున్నాక బ్యాటరీ తీసేసినా మంటల వేడికీ, మిథనాల్ ఆవిరి తగలడానికీ ఆ తీగ ఎర్రగానే ఉండిపోతుంది. కుంపటి రాజుకున్నాక అగ్గిపుల్లతో పనేముంది చెప్పండి?

ఇంధనంలో మిథనాల్‌తో పాటు దాదాపు ఐదో వంతు ఆముదం పోసేవారు. ఆముదం మిథనాల్‌లో చక్కగా కలుస్తుంది, బాగా వేడెక్కినా అంత త్వరగా జారుడు పోగొట్టుకోదు. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎర్రనేలల్లో పండే పంటకి అంత గొప్ప ఉద్యోగం! మిథనాల్ మాత్రం ఒంట్లోకి పోతే చూపు తీసే విషం. డబ్బా పిల్లలకందేచోట పెట్టకూడదు.

ఇన్ని మార్పులొచ్చినా చిన్న ఇంజను తిరగడానికి మొదటి తోపు మాత్రం మనిషి చెయ్యే ఇచ్చేది. పది అంగుళాల ప్రొపెల్లర్ నిమిషానికి 10,000 చుట్లు తిరిగితే దాని కొస గంటకు సుమారు 480 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అప్పుడది కంటికి కనిపించదు. అదే ప్రమాదం.

ఈమధ్య మా మనవడు అటక మీది పెట్టెలో ఆ పాత ఇంజను కనిపెట్టి, నడిపించమని మా తమ్ముణ్ణి పట్టుకున్నాడు. తమ్ముడు తాపీగా నేర్పాడు. ముందు ప్రొపెల్లర్‌ని వెలుగుకెత్తి చూశాడు. సన్నని బీట ఉన్నా పారెయ్యాలట, అతికించి వాడకూడదట. ఇరుసును మెల్లగా తిప్పి, లోపల బిగుతు తగిలేచోట రెక్క చేతికి అనువుగా ఉండేలా అమర్చాడు. వాషరు వేసి, నట్టును సరిపోయే పానాతో బిగించాడు. పటకారుతో కాదు సుమా! ఇంజను ఒక్కోసారి ఎదురుతిరిగి తంతుంది. ఆ తన్నుకి నట్టు వదులైతే ప్రొపెల్లర్ ఎగిరొచ్చి మీద పడుతుంది.

విమానాన్ని గట్టిగా పట్టుకోవడానికి ఒకరు. ప్రొపెల్లర్ తిరిగే వరుసలో పక్కన ఎవరూ నిలబడకూడదు. అన్నీ అయ్యాక, చిట్టచివర బ్యాటరీ. తిప్పడానికి వేలు కాదు, రబ్బరు తొడిగిన కర్ర. ఇంజను అందుకున్నాక బ్యాటరీ తియ్యడమూ, సూది మర తిప్పడమూ వెనకనుంచే.

"ఇప్పటి మోటార్లకి ఈ గొడవ లేదు తాతయ్యా" అన్నాడు మనవడు.

"అందుకే వాటికి ఇంకా భయపడాలిరా. ఇంజనైతే వేలికి తగిలి ఆగిపోనూవచ్చు. మోటారు మరింత బలంగా తిప్పాలని చూస్తుంది. బ్యాటరీ తగిలించావంటే దానికి ప్రాణమొచ్చినట్టే. బల్ల మీద పని చేసేటప్పుడు ప్రొపెల్లర్ ఊడదీసి పెట్టు" అన్నాడు తమ్ముడు.

"నీకెలా తెలుసు?" అన్నాడు వాడు.

తమ్ముడు చూపుడువేలు చాపి మచ్చ చూపించాడు. ఏ రోజు, ఎలా తెగిందో మొత్తం చెప్పాడు. కర్ర పక్కనే ఉన్నా, తోటివాళ్ల ముందు వేలితో తిప్పడమే మగతనం అనుకున్నాడట. తర్వాత నావైపు తిరిగి, "ఆ రోజు తలుపు కాదక్కయ్యా" అన్నాడు, ఇన్నేళ్లకి.

"తెలుసులేరా" అన్నాను.

అప్పుడే చెప్పి ఉంటే అమ్మ నాలుగు తిట్టేదేమో గానీ, మిగతా కుర్రాళ్లైనా కర్ర పట్టుకునేవారు. మా మనవడు మాత్రం ఆ మచ్చను తడిమి చూసి, మారు మాట్లాడకుండా కర్ర అందుకున్నాడు. నాలుగో తోపుకి ఇంజను రయ్యిమంది. వాకిలంతా ఆముదం వాసన.