పరంజా గొట్టాల చరిత్ర: తాడు ముడి నుండి ఉక్కు బిగింపు వరకు

కట్టడం పూర్తి కాగానే పరంజాను విప్పివేస్తారు. అందువల్ల నిర్మాణ చరిత్రలో కట్టడాలకు లభించిన స్థానం పరంజాకు లభించలేదు. కాని గోడలు కట్టిన కార్మికుల ప్రాణాలు దానిపైనే ఆధారపడి ఉండేవి. కర్ర పరంజా స్థానంలో లోహపు గొట్టాల పరంజా ఎలా వచ్చిందో, దాని వల్ల పనిలో ఏ మార్పు కలిగిందో ఈ భాగంలో తెలుసుకుందాం.

1. గొట్టం పుట్టుక

19వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో ఇంగ్లండు నగరాల్లో గ్యాస్ దీపాలు వ్యాపించాయి. గ్యాస్‌ను వీధివీధికీ చేర్చడానికి చౌకైన ఇనుప గొట్టాలు అవసరమయ్యాయి. బాగా కాల్చిన ఇనుప పట్టీని అచ్చు గుండా లాగి, దాని అంచులు అతుక్కొనేలా చేసే పద్ధతికి 1825లో కార్నీలియస్ వైట్‌హౌస్ పేటెంటు పొందాడు. 1880లలో జర్మనీకి చెందిన మానెస్‌మాన్ సోదరులు అతుకు లేని ఉక్కు గొట్టాన్ని తయారుచేసే పద్ధతిని కనుగొన్నారు.

ఈ పద్ధతులు పరంజా కోసం పుట్టినవి కావు. పరంజాకు ఉక్కు గొట్టాలు వాడడం మొదలైనప్పుడు నీటి సరఫరాకు వాడే గొట్టాల కొలతనే స్వీకరించారు. నేటికీ పరంజా గొట్టం బయటి వ్యాసం 48.3 మిల్లీమీటర్లు. ఒకటిన్నర అంగుళాల నీటి గొట్టం బయటి కొలత కూడా ఇదే.

2. బిగింపు సమస్య

అంతకు ముందు బాదులను తాళ్లతో కట్టేవారు. తాడు వానకు తడిసి, ఎండకు ఆరి వదులయ్యేది. బాదులన్నీ ఒకే లావు ఉండవు. ముడి బలం దానిని కట్టిన మనిషి అనుభవాన్ని బట్టి ఉండేది. నున్నని ఉక్కు గొట్టంపై తాడు జారిపోతుంది కనుక, గొట్టాలకు తగిన బిగింపు సాధనం కావలసివచ్చింది.

లండన్‌లో డేనియల్ పామర్-జోన్స్ తాడుకు బదులుగా 'స్కాఫిక్సర్' అనే లోహపు బిగింపును రూపొందించాడు. 1913లో బకింగ్‌హామ్ రాజప్రాసాదం ముఖభాగాన్ని పునర్నిర్మించినప్పుడు దీనికి మంచి ప్రచారం లభించింది. 1919లో ఆయన 'యూనివర్సల్ కప్లర్'ను ప్రవేశపెట్టాడు. ఆ తరువాత కర్ర బాదుల స్థానాన్ని ఉక్కు గొట్టాలు క్రమంగా ఆక్రమించాయి.

3. మార్పు స్వభావం

గొట్టాలన్నీ ఒకే కొలతలో ఉండడం వల్ల ఒకే రకం కప్లర్ అన్నింటికీ సరిపోయింది. పరంజా ఎంత బరువు మోయగలదో ముందే లెక్కించడం సాధ్యమైంది. విప్పిన సామగ్రిని మరోచోట మళ్లీ వాడుకోవచ్చు. అయితే 4 మిల్లీమీటర్ల మందం గల ఉక్కు గొట్టం మీటరుకు సుమారు 4.37 కిలోలు తూగుతుంది. అంటే 6 మీటర్ల గొట్టం బరువు దాదాపు 26 కిలోలు. అల్యూమినియం గొట్టం చాలా తేలిక. కాని అదే కొలత, అదే బరువు ఉన్నప్పుడు అది ఉక్కు కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువగా వంగుతుంది. అందుకే లెక్క చూడకుండా ఒకదాని బదులు మరొకటి వాడరాదు.

4. భారతదేశంలో

భారతీయ ప్రమాణాల సంస్థ 1964లో ఉక్కు పరంజాలకు ఐ.ఎస్. 2750 ప్రమాణాన్ని వెలువరించింది. భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. దాని కింద 1998లో రూపొందించిన కేంద్ర నియమాలలో పరంజా భద్రతను గురించి ప్రత్యేక అధ్యాయం ఉంది. అయినా మన ప్రాంతంలో సరుగుడు బాదులు, వెదురు పూర్తిగా కనుమరుగు కాలేదు. చిన్న ఇళ్ల నిర్మాణంలో వాటిని నేటికీ చూడవచ్చు.

ఉక్కు గొట్టం దానంతట అదే భద్రతను ఇవ్వదు. తుప్పు పట్టిన గొట్టం, మరలు అరిగిన కప్లర్ వదులు ముడి వలెనే ప్రమాదకరం. తేడా ఏమిటంటే, ముడి బలాన్ని కట్టినవాడి చేతివాటాన్ని బట్టి అంచనా వేయవలసివచ్చేది. గొట్టం మందాన్ని, కప్లర్ బిగువును కొలిచి చూడవచ్చు. కొలవడం సాధ్యమయ్యాక, తనిఖీ చేయవలసిన బాధ్యత గుత్తేదారుపైన, ఇంజనీరుపైన పడింది. పరంజా ఎక్కే కార్మికునికి ఈ చరిత్ర వల్ల కలగవలసిన అసలు ప్రయోజనం ఇదే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: ఉక్కు గొట్టాల తయారీ తెలిసిన తరువాత కూడా అవి పరంజాలో వాడుకలోకి రావడానికి ఎందుకు ఆలస్యమైంది?